రాగి కూజాలో బావ చెయ్యి

మా బావను కొత్త ఇల్లు చూడ్డానికి పిలిచినవాళ్ళు రెండోసారి పిలవరు. గుమ్మం దాటగానే వేలి కణుపుతో నేలమీది పలకలన్నీ కొట్టుకుంటూ వెళ్ళి, ఏ పలక కింద బోలుగా ఉందో ఇంటాయనకు చూపిస్తాడు. ఆసుపత్రిలో ఉన్న మా మేనమామను పరామర్శించడానికి వెళ్ళి, ఆయన ముఖం కన్నా ముందు సెలైన్ సీసా మీది గడువు తేదీ చూశాడు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ బావ ఉద్యోగం. విరిగినవీ మాడినవీ ఏరి పారేసినందుకు అక్కడ జీతమిస్తారు. మిగతా లోకానికి ఆ సేవ ఉచితంగా చేస్తాడు.

అక్క పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. పొద్దస్తమానం "కూర్చోండి, పిలుస్తారు" అని చెప్పి చెప్పి ఆమె ఓపిక మనిషిని మించి పెరిగిపోయింది. దేన్ని చూసినా తీరిగ్గా చూడాలి ఆమెకు. బావతో బయటికెళ్తే ఆ తీరిక దొరకదు. ఆమె ఒక దుకాణం ముందు ఆగేలోపు ఆయన అందులో ఉన్న మోసం కాస్తా కనిపెట్టేసి, "పద, పద" అంటూ పక్క వీధిలో ఉంటాడు. ఇక నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. కొత్తవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు గోడ ఎక్కించబోతే నా వైపున్న బ్రేకు తొక్కుతాను. బావకు అలాంటి బ్రేకు ఎవరూ అమర్చలేదు.

ఈసారి పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే అక్క బట్టలొద్దంది, బయట భోజనమూ వద్దంది. పాత పేటలో ఆదివారాలు జరిగే చేతిపనివాళ్ళ సంతకు తీసుకెళ్ళమంది. బావ సంబరపడిపోయాడు. ఇన్నాళ్ళూ మోసం చిల్లరగా దొరికే చోట్లే తిరిగాడు గానీ, టోకుగా దొరికే చోటికి ఎప్పుడూ వెళ్ళలేదు మరి. బస్సులో మాకు తన సిద్ధాంతం వినిపించాడు. ఆ సంతలో వస్తువులన్నీ ఊరి బయట ఏదో ఒకే ఫ్యాక్టరీలో తయారవుతాయట. వాటిని గోనెసంచిలో పోసి, సుత్తితో నాలుగు మోది, సొట్టలు పడ్డాక "చేత్తో చేసింది" అని చీటీ అంటిస్తారట. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, తన ఒళ్ళోని చేతిసంచిని ఆయనకు కనపడకుండా అటువైపు పెట్టుకుంది.

పాత పేట సందులు ఎంత ఇరుకంటే, గొడుగులు వేసుకుని ఇద్దరు ఎదురుపడితే ఒకరు గొడుగు ముడవాల్సిందే. పై అంతస్తులు ముందుకు వంగి, చెవులు కొరుక్కుంటున్నట్టు ఉంటాయి. ఆ సందుల మధ్య ఎప్పటిదో ఒక గుర్రపుశాల ఉంది. గుర్రాలు పోయాయి గానీ, కట్టేసే ఇనుప రింగులు గోడలకు అలాగే ఉన్నాయి. ఒక్కో గుర్రం కొట్టంలో ఇప్పుడు ఒక్కో పనివాడు కూర్చుంటాడు. కొట్టాల మధ్య రాళ్ళు పరిచిన వాకిట్లో జనం.

అక్క మొదటి కొట్టం దగ్గరే ఆగిపోయింది. ఒకతను గాజుకడ్డీని మంట మీద తిప్పుతూ చేప బొమ్మ చేస్తున్నాడు. చేపకు తోక వచ్చేలోపే బావ రెండు కొట్టాలు దాటి, చేనేత ఆయన దగ్గర దారప్పోగు లాగి అగ్గిపుల్లతో అంటించబోయాడు. చేనేత ఆయన మాట్లాడకుండా అగ్గిపెట్టె లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. కుమ్మరి దగ్గర కంచాలన్నీ బోర్లించి అడుగులు చూశాడు. తోలుసంచుల దగ్గర ఒక సంచిలో తల పెట్టి వాసన చూస్తుంటే, ఆ దుకాణదారు లోపలికి తొంగి చూసి, బాగున్నారా అని పలకరించాడు.

ఆ తరవాతిది రాగి పని. కంచరి ఆవిడకు యాభై దాటి ఉంటాయి. ముంజేతులు చూస్తే ఎవరైనా ఆమెతో మర్యాదగానే మాట్లాడతారు. ఇనుప దిమ్మె మీద రాగిరేకు తిప్పుతూ, సుత్తితో టకటకమని కొడుతోంది. ఆమె పక్కన పీట మీద ఒక కూజా ఉంది. సన్నటి మెడ, నిండు కడుపు. ఒంటినిండా సుత్తి దెబ్బలు చేపపొలుసుల్లా వరసగా మెరుస్తున్నాయి. అక్క దాన్ని చూసి, అడుగుదామా వద్దా అన్నట్టు నిలబడింది.

బావ కూజాను అన్ని వైపులా తిప్పి చూశాడు. దెబ్బలన్నీ ఒకే కొలతలో ఉన్నాయనీ, మనిషి చెయ్యి ఇంత కుదురుగా కొట్టదనీ, ఇది మిషను పనేననీ తేల్చాడు. కంచరి ఆవిడ తల ఎత్తకుండానే, అలవాటైతే కొడుతుంది లెమ్మంది. ఆ మాట బావ చెవికెక్కలేదు. లోపల ఫ్యాక్టరీ గుర్తు ఉంటుంది చూడమని నాతో అంటూనే కూజా మెడలో చెయ్యి దూర్చాడు. మణికట్టు దాటి లోపలికి పోయింది. ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

"దొరికింది. లోపల ఏదో కుక్కారు. ఫ్యాక్టరీ నుంచి పంపేటప్పుడు సొట్టపోకుండా పెట్టే సరుకిది. అందరూ చూడండి, బయటికి తీస్తున్నా" అన్నాడు, వాకిలంతా వినపడేలా.

అని చెయ్యి లాగాడు. చెయ్యితో పాటు కూజా కూడా వచ్చింది.

మళ్ళీ లాగాడు. మళ్ళీ రెండూ కలిసే వచ్చాయి. పెళ్ళికొడుకు కళ తగ్గింది. కంచరి ఆవిడ అప్పుడు సుత్తి పక్కన పెట్టింది.

"బాబూ, అందులో ఉన్నది నా పాత సాక్సు. చెమ్మ పట్టకుండా దాన్నిండా రంపపు పొట్టు పోసి పెట్టాను. అది వదిలేయండి, చెయ్యి వచ్చేస్తుంది."

కూజాలో సాక్సు ఎవరైనా పెడతారా అని బావ నవ్వాడు. పట్టుబడ్డాక అందరూ ఏదో ఒక కథ చెబుతారన్నాడు. అయినా తను ఎప్పుడో వదిలేశాననీ, చెయ్యి వాచిపోవడం వల్లే రావడం లేదనీ అన్నాడు. అలా అంటున్నప్పుడు చూపు మా అందరి తలల మీదుగా ఎటో పోయింది. లాగి లాగి మణికట్టు ఎర్రబడిన మాట మాత్రం నిజం. పాపం వాచిందేమోనని చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మారు. నేనూ నమ్మాను.

ఇక వైద్యం మొదలైంది. ఎదురు కొట్టంలో సబ్బులు చేసి అమ్మే గడ్డపాయన పరుగున వచ్చాడు. వంద రకాల ఆకులూ పూలూ కలిపానని చెప్పుకునే సబ్బును తడిపి బావ మణికట్టుకు రుద్దాడు. ఎంత రుద్దినా నురగ రాలేదు. బావకు అంత కష్టంలోనూ ఆనందమేసింది. ఈ సబ్బులో సబ్బే లేదని ప్రకటించాడు. గడ్డపాయన రెండో రకం తేవడానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వడ్రంగి చెక్కలకు రాసే నూనె తెచ్చి కూజా మెడలో పోశాడు. పళ్ళరసం బండివాడు ఐసుముక్కలు ఇచ్చాడు. ఆఖరికి తాళాలు చేసే ఆయన రేకు కోసే కత్తెర పట్టుకొచ్చి, మెడ దగ్గర ఒక్క కోత పెడితే సరిపోతుందన్నాడు.

"నా కూజా కోస్తావా? కావాలంటే ఆయన చెయ్యి కొయ్యి. అదైతే ఆయనకి ఇంకోటి ఉంది" అంది కంచరి ఆవిడ.

తాళాలాయన కత్తెర మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో అక్క బావ పక్కకు వచ్చింది. నొప్పిగా ఉందా అని అడిగింది. నొప్పేమీ లేదన్నాడు. ఆకలేస్తోందా అంది. లేదన్నాడు. అక్క తన చేతిసంచి తీసి ఆయన ఖాళీ చేతికి తగిలించింది.

"అయితే నేనలా ఒక చుట్టు తిరిగొస్తాను. ఎలాగూ మీరు కదల్లేరు కదా" అంది.

బావ నోరు తెరిచేలోపు జనంలో కలిసిపోయింది.

ఆ తరవాత జరిగింది చూడాలంటే డబ్బులిచ్చి టికెట్ కొనాల్సింది. కంచరి కొట్టంలో ఎత్తయిన బల్ల మీద, ఒక చేతికి ఆడవాళ్ళ సంచీ, ఇంకో చేతికి రాగి కూజాతో మా బావ. అది సంతవాళ్ళు ఏర్పాటు చేసిన ప్రదర్శన అనుకుని జనం మూగారు. ఒకావిడ తన పిల్లల్ని ఆయనకు అటొకర్నీ ఇటొకర్నీ నిలబెట్టి ఫొటో తీసింది. పర్యాటకుల్ని వెంటేసుకుని వచ్చిన గైడు ఒకాయన ఏమాత్రం తడుముకోకుండా, పూర్వం ఈ పేటలో దొంగల్ని ఇలాగే శిక్షించేవారని చెప్పాడు. వాళ్ళు తలలూపి రాసుకున్నారు. సంత సెక్రటరీ ముందు కంగారుగా వచ్చాడు గానీ, ఆ మూలకు ఎప్పుడూ రానంత జనం వచ్చారని గమనించి, కంగారు మానేసి బావకు దిండు తెప్పించాడు.

బావ మొదట అందరికీ వివరం చెప్పబోయాడు. ఫ్యాక్టరీ, గోనెసంచి, సరుకు అంటూ మొదలుపెడితే, చేతికి కూజా ఉన్న మనిషి మాట ఎవరు పట్టించుకుంటారు? కాసేపటికి గొంతు తగ్గింది. నన్ను పిలిచి, మీ అక్క ఏదని అడిగాడు. వెతికి తీసుకొస్తానని బయల్దేరాను.

అక్క ఎటు వెళ్ళిందో తెలుసుకోవడం కష్టం కాలేదు. గాజు ఆయన, చేపకు కళ్ళు పెట్టేదాకా నిలబడి చూసిందని చెప్పాడు. పుస్తకాలు కుట్టే ఆవిడ, మీ అక్క నాచేత ఒక అట్ట మొత్తం విప్పించి మళ్ళీ కుట్టించిందని నవ్వుతూ ఫిర్యాదు చేసింది. చివరికి గుర్రపుశాల వెనక, ఎండ పడే అరుగు మీద దొరికింది. పేము కుర్చీలు అల్లే ముసలాయన ఎదుట చిన్న పీట మీద కూర్చుని ఉంది. కుర్చీ చట్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నీళ్ళలో నానిన పేముబద్దను కన్నంలోంచి లాగుతోంది. జుట్టు ముఖం మీద పడుతున్నా పట్టించుకోవడం లేదు. నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. చిన్నప్పుడు ఇద్దరం ముగ్గులేసేటప్పుడు అలా పెట్టేది. ఆ తరవాత నేనెప్పుడూ చూడలేదు.

ఆమె పెద్ద పనిమంతురాలేమీ కాదని నాకే తెలుస్తోంది. బద్దను మరీ బిగించి లాగుతోంది. ముసలాయన ఆమె వేసిన వరస వేసినట్టే ఊడదీసి, మళ్ళీ ఆమె చేతికే ఇస్తున్నాడు. కుర్చీకి కాస్త ఊపిరాడనివ్వమ్మా అంటున్నాడు. ఊడదీసినప్పుడల్లా అక్క పకపకా నవ్వుతోంది.

నేను వెళ్ళి, బావ చెయ్యి ఇంకా రాలేదనీ, ఆసుపత్రికి తీసుకెళ్దామనీ చెప్పాను.

"ఇంకా పట్టుకునే ఉన్నారా?" అంది తల ఎత్తకుండా.

"ఏంటి పట్టుకునేది?"

"సాక్సు. ఉడుంపట్టు కదా ఆయనది. వదల్లేదు. అబద్ధమాడేటప్పుడు ఆయన ఎవరి ముఖమూ చూడరు, తలల మీదుగా చూస్తారు. నువ్వు గమనించలేదా?"

అంటే మొదట్నుంచీ నీకు తెలుసా, తెలిసీ వదిలేసి వచ్చావా అని అడిగాను.

"చెబితే చెయ్యి వచ్చేస్తుందే. చెయ్యి వచ్చేస్తే మనం ఇంటికెళ్ళిపోతాం." బద్దను ఇంకో కన్నంలోకి దూర్చింది. "నొప్పి లేదన్నారు, ఆకలి లేదన్నారు. పైగా కూర్చోడానికి దిండిచ్చారని ఎవరో చెప్పారు. ఈ రెండు వరసలూ అవనీ."

ముసలాయన ఏమీ విననట్టు నా చేతికి కూడా ఒక బద్ద ఇవ్వబోయాడు. నేను కారు నేర్పే మనిషిని, నాకు అంత నిదానం లేదన్నాను. అక్క పక్కన అరుగు మీద కూర్చుని, చాలాసేపు ఆమె చేతుల్నే చూస్తూ ఉండిపోయాను. బావను తలుచుకుంటే జాలేసింది, కాదనను. కానీ లేవబుద్ధి కాలేదు.

మేము తిరిగి వెళ్ళేసరికి ఎండ వాలింది. బావ చుట్టూ జనం పలచబడ్డారు. ఎంత వింతైనా కదలకుండా కూర్చుంటే విసుగే కదా. ఆయన ఇప్పుడు బల్ల మీద లేడు. కంచరి ఆవిడ పక్కన కింద కూర్చుని, కూజాను ఒళ్ళో పెట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో ఆమె అందించిన గిన్నెల్ని ఒక్కోటీ కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ఊరికే కూర్చుని విసిగిస్తున్నాడని ఆమే ఆ పని పెట్టిందట. ఒక గరిటె దగ్గర ఆగి, దీని అతుకు లోపల పట్టలేదు, మోత తేడాగా ఉందన్నాడు. ఆమె దాన్ని వెలుతురులో తిప్పి చూసింది. కాడ పట్టుకుని గట్టిగా వంచింది. అతుకు ఊడింది.

"మీ చెవి మంచిదే బాబూ. నోరే కాస్త..." అని ఆగి, గరిటెను పక్కన పడేసింది.

ఇంకో సందర్భంలో అయితే ఆ గరిటెను పట్టుకుని బావ సంతంతా ఊరేగేవాడు. ఇప్పుడు తరవాతి గిన్నె అందుకున్నాడు. ఆయన ఎదురుగానే, మధ్యాహ్నం బల్లపరుపుగా ఉన్న రాగిరేకు ఆవిడ సుత్తి కింద కొంచెం కొంచెంగా లోతు తిరిగి, గిన్నె అయి కూర్చుంది. దానిమీద దెబ్బలు చేపపొలుసుల్లా, ఒకే కొలతలో వరసగా ఉన్నాయి. అదంతా కళ్ళారా చూశాడు. ఇక ఫ్యాక్టరీ గురించి మాట్లాడడానికేముంది? కానీ తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఊరంతా వినేలా అరిచాక, నాలుగో కాలు కనపడితే మనిషి ఏం చేస్తాడు? కక్కలేక, మింగలేక అలా కూర్చున్నాడు. అక్కను చూడగానే ఆయన ముఖంలో కనపడ్డ ఆశ, స్కూలు గేటు దగ్గర ఆఖరున మిగిలిపోయిన పిల్లవాడి ముఖంలోనే ఇదివరకు చూశాను నేను.

అక్క వెళ్ళి ఆయన పక్కన చతికిలబడింది. తన చేతిసంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ కొసలు పేముబద్ద కోసి ఎర్రగా ఉన్నాయి.

"చూడాల్సినవన్నీ చూశాను. ఇక వదిలేయండి, వెళ్దాం" అంది నెమ్మదిగా.

బావ ఈసారి ఆమె ముఖంలోకే చూశాడు. "ఇప్పుడు తీస్తే అందరూ నవ్వుతారు" అన్నాడు గొంతు తగ్గించి.

"నవ్వితే నవ్వుతారు. నేను మధ్యాహ్నం నుంచీ నవ్వుతూనే ఉన్నాను."

ఆయన కూజా వంక చూశాడు. లోపల ఏదో మెత్తగా జారిన చప్పుడైంది. చెయ్యి సునాయాసంగా బయటికి వచ్చింది, నూనె కారుతూ, నీళ్ళలో నానిన ముసలి వేళ్ళలా ముడతలు పడి. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అక్కడ ఎవరూ లేరు, సంత కట్టేస్తున్నారు. సెక్రటరీ వచ్చి దిండు తీసుకుని, వచ్చే ఆదివారం కూడా వీలవుతుందా అని బావను అడిగి వెళ్ళాడు.

కంచరి ఆవిడ కూజా బోర్లించి తట్టింది. బూడిదరంగు ఊలు సాక్సు ఒకటి ధబ్బున కింద పడింది. మడమ దగ్గర చిల్లు. నూనె, ఐసునీళ్ళు, నురగ రాని సబ్బు అన్నీ తాగి, చచ్చిన పందికొక్కులా ఉంది. ఆమె దాన్ని పిండి, గోడకున్న గుర్రపు రింగుకు ఆరేసింది. తరవాత కూజాను బావ ముందు పెట్టి, మీరు పోయించిందంతా మీరే కడగండి అంది. ఆయన కిక్కురుమనకుండా కుళాయి దగ్గర కూర్చుని, నీళ్ళు పోసి, గిలకొట్టి, వాసన చూసి, మళ్ళీ పోసి కడిగాడు. నూనె వాసన ఇంకా ఉందని ఆయనే రెండుసార్లు వెనక్కి తీసుకెళ్ళాడు. తనిఖీ ఎక్కడికి పోతుంది?

అక్క కూజాను కొంటుందనుకున్నాను. బావ కూడా కొందామన్నాడు, సిగ్గుపడుతూనే. అక్క వద్దంది. చూడ్డానికి బాగుంది, ఇంట్లో పెట్టుకుంటే రోజూ తోమాలి అంది. కంచరి ఆవిడ ఆ మాటకు పడీ పడీ నవ్వింది. ఆ రోజంతటిలో ఆమె నవ్వడం అదొక్కసారే.

బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు చేతివేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు. నేను సాక్సు వదల్లేదని నీకు తెలుసా అని చివరికి అక్కను అడిగాడు. అక్క తెలుసంది. ఎప్పట్నుంచి అన్నాడు. చెయ్యి పెట్టినప్పట్నుంచీ అంది. కోపమొస్తుందేమోనని నేను వెనక సీట్లోంచి అలవాటు కొద్దీ లేని బ్రేకు తొక్కాను. ఆయనకు కోపం రాలేదు. మరి ఇంతసేపు ఏం చూశావని అడిగాడు.

అక్క చెప్పడం మొదలుపెట్టింది. గాజుచేపకు ముందు తోక, తరవాత రెక్కలు, ఆఖరున కళ్ళు పెట్టిన సంగతి. అట్టలో దారం ఎన్ని మలుపులు తిరుగుతుందో ఆ సంగతి. ముసలాయన పేమును నానబెట్టే నీళ్ళలో వేలు ముంచి, చాలిందో లేదో చెప్పే సంగతి. బావ మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చాడు, ఆ పేము మంచిదేనా అని. అక్క చూసిన చూపుకు మళ్ళీ నోరు మూశాడు.

మా స్టాపు దగ్గరపడుతుండగా, వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నాడా ఆ పేము పెద్దాయన అని బావ అడిగాడు. రమ్మన్నాడని, వెళ్తున్నానని అక్క చెప్పింది. బావ ఉత్సాహంగా ముందుకు వంగాడు. తనను కూడా కంచరి ఆవిడ రమ్మందట, అతుకులు విని చెప్పడానికి. ఇద్దరం కలిసే వెళ్దామన్నాడు.

"వద్దండీ. ఒక ఆదివారం నేను వెళ్తాను, ఒక ఆదివారం మీరు వెళ్ళండి" అంది అక్క.

బావ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. బస్సు ఆగింది. ముగ్గురం దిగాం.

ఆ ఏర్పాటు ఇప్పటికీ అలాగే నడుస్తోంది. అక్క ఆదివారాల్లో బావ ఇంట్లో వంట చేస్తాడు. మాడినవి పారేయడంలో అనుభవం ఉంది గనక పెద్ద ఇబ్బంది లేదు. బావ ఆదివారాల్లో అక్క మధ్యాహ్నం దాకా నిద్రపోతుంది. నేను ఎవరి ఆదివారం ఎవరితో వెళ్తానన్నా, ఇద్దరూ వద్దంటారు.